బయటపడని రోగాన్ని వెతకడం

ఒంట్లో ఏ బాధా లేని మనిషి, లోపల రోగమేదైనా దాగి ఉందేమోనని వెతికించుకోవడం వివేకమా, లేనిపోని ఆరాటమా? బాధ పుట్టాక వైద్యుడి గడప తొక్కడాన్ని తప్పు పట్టేవారు అరుదు. బాధ లేనప్పుడు తొక్కడం సంగతే తేలవలసింది. పెద్దపేగు క్యాన్సర్ దగ్గర ఈ ప్రశ్న మిగతా రోగాలకన్నా గట్టిగా నిలదీస్తుంది. ఇది ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. ఆ ఏళ్లలో దొరికితే చాలావరకు నయమైపోతుంది, ముదిరాక దొరికితే చేయగలిగింది కొంచెమే. తెలుసుకుంటే రాబోయేది మారే వీలున్నచోట, తెలుసుకోకుండా ఉండిపోయే స్వేచ్ఛ మనిషికి ఎంతవరకు ఉందన్నది పండితుల వాదంగా మిగలదు, ప్రతి ఇంట్లోనూ తేల్చుకోవలసిన మాట అవుతుంది.

పెద్దపేగు, దాని చివరనున్న మలాశయం లోపలి పొర మీద చిన్న పిలకలు మొలుస్తుంటాయి. వైద్యులు పాలిప్స్ అనేది వీటినే. యాభై దాటినవారిలో ఇవి అరుదేమీ కాదు, ఎక్కువ భాగం అపాయం లేనివే. అడినోమా అనే రకంలో కొన్ని మాత్రం పెరిగి పెరిగి క్యాన్సర్‌గా మారతాయి. అందుకు తరచు పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలొనోస్కోపీలో పిలక కనబడితే అక్కడికక్కడే సన్నటి తీగ ఉచ్చు వేసి తీసేస్తారు. కాబోయే క్యాన్సర్ కాకుండానే పోతుంది. క్యాన్సర్‌గా మారినా అది పేగుకే పరిమితమై ఉండగా పట్టుబడితే, అమెరికా లెక్కల్లో పదిమందికి సుమారు తొమ్మిదిమంది ఐదేళ్ల తర్వాత బతికి ఉంటున్నారు. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక దొరికినవారిలో అలా మిగిలేది నూటికి పదిహేనుమంది దరిదాపు.

ప్రపంచంలో 2022లో దాదాపు 19 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని అంచనా. భారతదేశం వాటా 70 వేల దగ్గర. మనకన్నా జనాభా ఎంతో తక్కువైన అమెరికాలో ఏటా లక్షన్నర వరకు వస్తుంటే, ఇక్కడ అది మొత్తం మీద తక్కువనే చెప్పాలి. కానీ వచ్చినవారిలో పడుచువాళ్లు ఎక్కువ. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రికి చేరిన ఈ రోగుల సగటు వయసు యాభై లోపే ఉన్నట్టు ఆ ఆసుపత్రి వైద్యులే ప్రచురించారు.

ఉత్తరాంధ్రలోని అనకాపల్లినే ఉదాహరణగా తీసుకుందాం, 2022 ఏప్రిల్ 4న అది విశాఖపట్నం నుంచి విడిపడి జిల్లా అయింది. ఈ జిల్లా పల్లెల్లోనూ ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ముప్పై దాటినవారిని అడిగి నమోదు చేసుకునే క్యాన్సర్లు మూడే: నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారానిది. 2016 నుంచి దేశమంతటికీ ఇదే పద్ధతి. పెద్దపేగు ఆ పట్టికలో లేదు. దేశంలో దాని వ్యాప్తి తక్కువ, పరీక్ష ఖరీదు ఎక్కువ, పెద్ద ఎత్తున కొలొనోస్కోపీ చేయగల వైద్యులు తక్కువ అన్న లెక్క దాని వెనక ఉంది. దాని వల్ల ఈ ఒక్క క్యాన్సర్ విషయంలో గుమ్మంలోకి వచ్చి అడిగేవారు ఉండరు. చేయించుకోవాలా వద్దా అన్నది మనిషికీ కుటుంబానికీ వదిలేశారు. అలా వదిలేసినచోట నిర్ణయం చేసేది వైద్యశాస్త్రం కాదు, నమ్మకాలు. రాసిపెట్టి ఉంటే తప్పదనేది ఒకటి, ఛీ ఆ పరీక్ష మనకెందుకనేది ఇంకొకటి, తెలియకపోతేనే ప్రశాంతం అనేది మరొకటి. వీటిని మూఢత్వమని కొట్టిపారేయడం సులువు గానీ న్యాయం కాదు. ఒక్కోదాని వెనక ఒక్కో ఆలోచనా సంప్రదాయం ఉంది, దానితో దాని భాషలోనే మాట్లాడాలి.

అంతకుముందు ఒక గందరగోళం తొలగాలి. మలంలో రక్తం పడుతున్న మనిషికి పైన చెప్పిన ప్రశ్న వర్తించదు. అతడిది బయటపడిన రోగం. ఉత్తరాంధ్ర ఇళ్లలో రక్తం కనబడగానే వచ్చే మొదటి మాట వేడి చేసిందని. మజ్జిగ, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు అయ్యాక మొలలని నిర్ధారణ, తర్వాత గోడల మీది ప్రకటనల్లో ఉన్న మొలల వైద్యం. నిజంగా మొలలే కావచ్చు, చాలామందిలో అవే. కానీ మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమం ఏదీ లేదు. వారాల తరబడి రక్తం పడటం, దొడ్డికి వెళ్లే అలవాటు ఉన్నట్టుండి మారి అలాగే ఉండిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మగవాళ్లలో గానీ ముట్లుడిగిన ఆడవాళ్లలో గానీ హిమోగ్లోబిన్ పడిపోవడం ఉంటే ఏ వయసులోనైనా వైద్యుడు వేలితో పరీక్షించి చూడాలి, అవసరమైతే కొలొనోస్కోపీ చేయాలి. అక్కడ తత్త్వవిచారానికి తావు లేదు, ఆలస్యం ఒక్కటే శత్రువు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఏ లక్షణమూ లేనివారి గురించి.

రాసిపెట్టి ఉంటే తప్పదనే మాట కర్మ సిద్ధాంతం పేరుతో చలామణీ అవుతుంది. ఆ సిద్ధాంతాన్ని వైద్యానికి అన్వయించి చర్చించిన పాత గ్రంథం ఒకటి ఉంది. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో ఆత్రేయుడు వేసవి చివర, పాంచాల రాజధాని కాంపిల్యం దగ్గర, గంగ ఒడ్డున శిష్యులతో తిరుగుతుంటాడు. నక్షత్రాలూ ఋతువులూ తేడాగా ఉన్నాయి, జనపదాలను ఊడ్చేసే రోగం రాబోతోంది, నేల సారం చెడకముందే మూలికలు సేకరించి ఉంచండి అంటాడు. ఊళ్లో అప్పటికి ఎవరూ మంచాన పడలేదు. లక్షణం కనబడకముందే కదలమని గురువు చెబుతున్నాడు. ఆ సంభాషణలోనే శిష్యుడు అగ్నివేశుడు అసలు ప్రశ్న వేస్తాడు. మనుషుల ఆయుష్షు ముందే నిర్ణయమైపోయిందా, లేదా?

ఆత్రేయుడి జవాబు సూటిగా ఉంటుంది. పూర్వజన్మలో చేసినది దైవం, ఈ జన్మలో చేస్తున్నది పురుషకారం. రెంటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణుస్తుంది. ఆయుష్షు అందరికీ పక్కాగా నిర్ణయమై ఉంటే మంత్రాలూ మందులూ బలులూ అక్కర్లేదు, మదమెక్కిన ఏనుగు ఎదురొచ్చినా పక్కకు తప్పుకోనక్కర్లేదు అంటాడు. వెంటనే బండి ఇరుసును చూపిస్తాడు. మంచి చేవ ఉన్న ఇరుసు సరిగా వాడితే దాని కాలం తీరాకే అరుగుతుంది. మోయలేనంత బరువేసినా, గతుకుల దారిలో తోలినా, కందెన వేయకపోయినా అదే ఇరుసు నడిదారిలో విరుగుతుంది. మొదటిది కాలమృత్యువు, రెండోది అకాలమృత్యువు.

ఈ వాదంలో గమనించవలసింది, ఆత్రేయుడు కర్మను తోసిపుచ్చలేదు. బలమైన దైవం ముందు పురుషకారం ఓడిపోతుందనీ ఒప్పుకున్నాడు. అయితే ఏ మనిషి విషయంలో ఏది బలమైనదో ముందు తెలిసే దారి లేదు. తెలియనప్పుడు ప్రయత్నం మానేసినవాడు దైవాన్ని నమ్మినట్టు కాదు, దైవం తీర్పు తానే ముందుగా రాసుకున్నట్టు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇది అక్షరాలా సరిపోతుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యుదోషం మనిషి మార్చలేనిది, దాన్ని దైవం అనదలచుకుంటే అనవచ్చు. ఆ దోషం పిలకగా మొలిచి, పిలక క్యాన్సర్‌గా మారడానికి పట్టే పదేళ్లూ మాత్రం పురుషకారం చేతిలో ఉన్నవి.

మొక్కుల సంగతీ ఇలాంటిదే. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతర ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్యనాడు మొదలవుతుంది. తీరప్రాంతంలో గ్రామదేవతల జాతరలు చాలావరకు ఎండలు ముదిరే కాలానికి, ఒకప్పుడు మశూచి, కలరా ఊళ్ల మీద పడే కాలానికి ముడిపడ్డవి. రోగం ఊరి పొలిమేర దాటకముందే అమ్మను తలుచుకుని కాపాడమని వేడుకోవడం వాటి సారం. అంటే రాబోయే ఆపదను ముందే తలుచుకోవడం అపశకునం అనే భావన ఈ నేల భక్తిలో లేదు. పేరు ఎత్తితేనే వస్తుందనే భయం తర్వాత వచ్చి చేరినది. ఇక్కడి ముస్లింలకూ ఇది కొత్త కాదు. ముసలితనం తప్ప మందు లేని రోగాన్ని దేవుడు పుట్టించలేదని, చికిత్స చేయించుకోమని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. మొక్కుకున్నవారు పరీక్ష మానుకోవాలని ఎక్కడా లేదు.

అసహ్యం అన్నది ఇంకా లోతైన అడ్డు. కారణంగా దీన్ని ఎవరూ చెప్పరు, అడిగితే తీరిక లేదంటారు, భయమంటారు. నిజానికి చాలామందిని ఆపేది మలాన్ని పట్టి చూడాలన్న తలంపే.

ఈ అసహ్యానికి జవాబు వెతికిన సంప్రదాయం ఒకటి ఈ నేల మీదే ఉండేది. అనకాపల్లి పక్కనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. సుమారు 4 నుంచి 9వ శతాబ్దం వరకు అవి బౌద్ధ భిక్షువుల ఆవాసాలు. 20వ శతాబ్దపు తొలి దశకంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించాక వాటి చరిత్ర వెలుగులోకి వచ్చింది. కొండరాతినే తొలిచిన గుహలు, ఏకశిలలోంచి చెక్కిన స్తూపాలు ఇప్పటికీ వరసలుగా కనబడతాయి. బౌద్ధ విహారాలకు ఉమ్మడిగా ఉన్న సాధనల్లో కాయానుస్మృతి ఒకటి. శరీరంలోని భాగాలను ఒక్కొక్కటిగా మనసులో పలుకుతూ వెళతారు. వెంట్రుకలు, గోళ్లు, పళ్లు, చర్మం మొదలుకుని గుండె, కాలేయం మీదుగా పేగులు, పేగులను పట్టి ఉంచే పొర, కడుపులోని ఆహారం, మలం వరకు. ఈ పట్టికలో గుండె, పేగు, మలం ఒకే వరసలో వస్తాయి. గుండెను చూసినట్టే మలాన్నీ, మలాన్ని చూసినట్టే గుండెనూ చూడగలగాలని ఆ సాధన ఉద్దేశం. ఒంటిని అసహ్యించుకోవడం నేర్పడానికే ఇది పుట్టిందని కొందరు వ్యాఖ్యానిస్తారు. అది సగమే. ఆకర్షణ, అసహ్యం రెండూ లేకుండా శరీరాన్ని ఉన్నదున్నట్టుగా చూడటం దాని గమ్యం. పేగులో ఏముందో చూడబోయే మనిషికి కావలసిన మనఃస్థితి అదే.

భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని ఒక ఘట్టం దీన్ని ధ్యానం నుంచి చేతల్లోకి తెస్తుంది. కడుపు జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఇతడి వల్ల ఎవరికీ ఉపయోగం లేదని తోటివారు పట్టించుకోరు. ఆనందుడితో కలిసి అటుగా వచ్చిన బుద్ధుడు నీళ్లు తెమ్మంటాడు. తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడుగుతాడు. తలవైపు బుద్ధుడు, కాళ్లవైపు ఆనందుడు పట్టి మంచం మీద పడుకోబెడతారు. మీకు తల్లీ తండ్రీ ఇక్కడ లేరు, ఒకరికొకరు సేవ చేసుకోకపోతే ఎవరు చేస్తారని ఆ తర్వాత సంఘాన్ని నిలదీస్తాడు. రక్తవిరేచనాలతో చివరి రోజులు గడిపిన బుద్ధుడి కథను పరినిర్వాణ సూత్రం ఏ దాపరికమూ లేకుండా చెబుతుంది. పేగుల బాధ పవిత్రతకు మచ్చ అని ఆ సంప్రదాయం ఎన్నడూ అనుకోలేదు.

అదే వినయంలో మరో ఘట్టం ఎదురుగా నిలబడుతుంది, దాన్ని దాచిపెట్టడం నిజాయితీ కాదు. రాజగృహంలో ఆకాశగోత్రుడనే వైద్యుడు ఒక భిక్షువుకు మలద్వారం పక్కన పడిన భగందరం అనే పుండును కోస్తూ, ఆ రంధ్రాన్ని ఉడుము నోటితో పోల్చి, వచ్చి చూడమని బుద్ధుడిని పిలుస్తాడు. బుద్ధుడు కోపగించి, గుహ్యస్థానం చుట్టూ రెండంగుళాల మేర శస్త్రం ఆడకూడదని నియమం పెడతాడు. పైకి ఇది సిగ్గు కోసం పెట్టిన నిషేధంలా కనిపిస్తుంది. ఆయన చెప్పిన కారణాలు వేరు. అక్కడ చర్మం సున్నితం, పుండు మానడం కష్టం, కత్తిని అదుపులో ఉంచడం కష్టం. మేలుకన్నా కీడు ఎక్కువన్నదే వాదం. రోగిని నవ్వులపాలు చేసిన వైద్యుడి తీరు కూడా ఆ కోపంలో ఉంది. ఈ రెండు కొలతలూ ఇవాళ్టి పరీక్షలకూ పెట్టాలి. కీడు ఎంత? రోగి మర్యాద నిలిచిందా? కొలొనోస్కోపీలో పేగుకు చిల్లు పడటం పదివేల మందిలో సుమారు ముగ్గురికి, చెప్పుకోదగ్గ రక్తస్రావం సుమారు పదిహేనుమందికి జరుగుతుందని పెద్ద అధ్యయనాల సారాంశం. ఆకాశగోత్రుడి కత్తితో పోలిస్తే ఇది ఎంతో తక్కువ, సున్నా మాత్రం కాదు. మర్యాద సంగతి ఆసుపత్రి మీద, అక్కడి తెరల మీద, ఆడవారికి ఆడ సిబ్బందిని తోడుంచడం మీద ఆధారపడింది. సుశ్రుతుడు మొలలను చూడటానికి చెప్పిన గొట్టంలాంటి యంత్రానికి చూడటానికి ఒక రంధ్రం, మందు పెట్టడానికి ఒక రంధ్రం ఉంటాయి. ఈ దేశపు వైద్యులు ఆ చోటును చూడటానికి వెనకాడినవారు కాదు.

ఇంకొక మాట ఇక్కడ చెప్పక తప్పదు. మలాన్ని ఎత్తే పనిని తరాల తరబడి కొన్ని కులాల నెత్తిన పెట్టిన సమాజంలో, నాది నేనే ముట్టుకోనన్న అసహ్యం అమాయకమైనది కాదు. 2013లో ఆ పనిని నిషేధిస్తూ చట్టం రావలసినంత బలంగా అది పాతుకుపోయింది. తన ఒంటిలోంచి వచ్చినదాన్ని తానే ఒక పుల్లతో తీసి సీసాలో పెట్టడం చిన్న పనే. అయినా అసహ్యాన్ని ఎదుటివాడి మీదికి నెట్టకుండా తన దగ్గరే జయించడం అక్కడ మొదలవుతుంది.

ఆ చిన్న పని పేరే ఫిట్ పరీక్ష. మలంలో కంటికి కనబడనంత రక్తం ఉందేమో చూస్తుంది. సీసా మూతకు గాట్లున్న సన్నటి పుల్ల ఉంటుంది. నీళ్లు తగలని మలం మీద దాన్ని నాలుగైదు చోట్ల గీసి, తిరిగి సీసాలో గుచ్చి బిగించాలి. అందులోని ద్రవం నమూనాను కాపాడుతుంది. మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టే ప్రతిరక్షకాలు వాడతారు కాబట్టి ముందురోజు మాంసం తిన్నా తేడా రాదు. పాత గ్వాయాక్ పరీక్షకు ఆహార నియమాలు కావాలి. చాలా ల్యాబుల్లో మలంలో రక్తం పరీక్ష అని రాసేది ఏ రకమో అడిగి తెలుసుకోవడం మంచిది. ఎండలో ఉంటే హిమోగ్లోబిన్ విరిగిపోయి, రక్తం ఉన్నా లేనట్టు చూపవచ్చు. అనకాపల్లి వేసవిలో సీసాను చల్లగా ఉంచి అదే రోజు ల్యాబుకు చేర్చడం అందుకే ముఖ్యం.

తెలియకపోతేనే ప్రశాంతం అన్న మాట మిగిలింది. మూడింటిలో బలమైన వాదం ఇదే. కొంత లెక్క వేస్తే దాని బరువు తెలుస్తుంది. యాభై దాటి, లక్షణాలేవీ లేని వెయ్యిమందిలో ఒకరికి క్యాన్సర్ దాగి ఉందనుకుందాం. ఫిట్ క్యాన్సర్లలో నూటికి దాదాపు 79 పట్టుకుంటుంది, క్యాన్సర్ లేనివారిలో నూటికి దాదాపు 94 మందిని సరిగా వదిలేస్తుంది. అంటే ఆ ఒక్కరిని పట్టుకునే అవకాశం బాగానే ఉంది. దానితోపాటు క్యాన్సర్ లేని అరవైమంది వరకు పాజిటివ్ అన్న కాగితం పట్టుకుని ఇంటికి వెళతారు. వారిలో కొందరికి పిలకలు, కొందరికి మొలలు, కొందరికి ఏమీ ఉండవు. కొలొనోస్కోపీ అయ్యేదాకా వారి నిద్ర, వారి ఇంట్లోవారి నిద్ర ఎవరు లెక్కగడతారు? ఒకరి ప్రాణానికి అరవైమంది ఆందోళన అన్న బేరాన్ని వద్దనే హక్కు ఆరోగ్యవంతుడికి ఉంది. ఆ హక్కును తోసేసి భయపెట్టి పరీక్షకు తీసుకెళ్లడం అహింస కాదు.

కానీ ప్రశాంతత రెండు రకాలు. చూసి, లేదని తెలిసి ఊరుకోవడం ఒకటి, చూడటానికి భయపడి మొహం తిప్పుకోవడం ఇంకొకటి. రెండోది నిలవదు. ఊళ్లో ఎవరికో క్యాన్సర్ అన్న మాట వినబడగానే కదిలిపోతుంది. పరీక్ష వద్దనుకున్నవారు ఏది వద్దనుకుంటున్నారో తెలిసి వద్దనుకుంటే అది గౌరవించవలసిన నిర్ణయం. వినకుండానే వద్దనుకుంటే అది నిర్ణయమే కాదు. ఇంకో షరతు కూడా ఉంది. పాజిటివ్ వస్తే కొలొనోస్కోపీకి వెళ్లనని ముందే అనుకున్నవారు ఫిట్ చేయించుకోకూడదు. అలా చేస్తే ఆందోళన మాత్రం దక్కి, దానికి ప్రతిఫలంగా రావలసిన మేలు దక్కదు. సీసా కొనకముందే తర్వాతి అడుగు ఎక్కడ, ఎవరు తోడు వస్తారు, డబ్బు ఎలా అన్నది తేలి ఉండాలి.

ముందుజాగ్రత్త ఫలం గురించి మరో చిక్కు ఉంది, తత్త్వశాస్త్రానికి అది నిజంగా కొత్తది. 2022లో వెలువడిన నార్డిక్ అధ్యయనంలో పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో 84 వేలకు పైగా ప్రజలను పదేళ్లు గమనించారు. కొలొనోస్కోపీకి పిలుపు అందినవారిలో పేగు క్యాన్సర్ 0.98 శాతం మందికి, పిలుపు అందనివారిలో 1.20 శాతం మందికి వచ్చింది. 455 మందిని పిలిస్తే పదేళ్లలో ఒక క్యాన్సర్ తప్పిందన్నమాట. పిలిచినవారిలో నిజంగా వచ్చి చేయించుకున్నది 42 శాతమే. మరణాల్లో తేడా స్పష్టంగా తేలలేదు. అంతకుముందు 1993లో వెలువడిన మిన్నెసోటా అధ్యయనం ఏటా మలంలో రక్తం పరీక్ష చేసినవారిలో ఈ క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గినట్టు చూపింది. మేలు ఉన్నదన్నది స్థిరమే, దాని పరిమాణం మీదే చర్చ.

అయితే ఆ 455 మందిలో తప్పించుకున్నది ఎవరు? ఎవరికీ తెలియదు. పిలక తీయించుకున్న మనిషి, అది ఉండి ఉంటే క్యాన్సర్ అయ్యేదో కాదో ఎన్నటికీ తెలుసుకోలేడు. మీమాంసకులు ఫలాన్ని దృష్టమనీ అదృష్టమనీ విభజించారు. పొట్టు తీయడానికి వడ్లు దంచితే ఫలం కళ్లెదుట ఉంటుంది, యాగం చేస్తే ఫలం కనబడకుండా తర్వాత వస్తుంది. స్క్రీనింగ్ ఫలం ఈ రెంటిలోనూ ఇమడదు. లక్షమందిని కలిపి లెక్కిస్తే అది దృష్టం, ఒక్కొక్కరిని విడిగా చూస్తే ఎప్పటికీ అదృష్టం. తనకు దక్కిందని ఎన్నడూ రుజువు కాని మేలు కోసం ఒక రోజు ఉపవాసం, రెండు లీటర్ల విరేచనాల మందు, కొంత సిగ్గు భరించడానికి మనిషి సిద్ధపడాలి. మొక్కు తీరితే అమ్మ దగ్గరికి వెళ్లి చెల్లించుకోవచ్చు, ఇక్కడ చెల్లించుకునే ఘడియ రాదు. అందుకే దీన్ని బేరంగా చూసేవారు నిలబడలేరు, చేయవలసిన పనిగా చూసేవారు నిలబడతారు.

ఇక ఏ పరీక్ష అన్నది. ఫిట్ ఏటా లేదా రెండేళ్లకోసారి చేయాలి. జపాన్‌లో 1992 నుంచి నలభై దాటినవారికి ఏటా చేస్తున్నారు, ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్లవారికి రెండేళ్లకోసారి ఇంటికే పంపుతున్నారు. కొలొనోస్కోపీ బాగుంటే మళ్లీ పదేళ్ల వరకు అక్కర్లేదు. పిలకలను కనిపెట్టడంలో, తీసేయడంలో దానికి సాటి లేదు. పేగు సరిగా శుభ్రం కాకపోతే, చేసే చేయికి అనుభవం లేకపోతే ఆ సాటిలేనితనం పోతుంది. సీటీ కొలొనోగ్రఫీ ఐదేళ్లకోసారి, దానికీ పేగు ఖాళీ చేసుకోవాలి, పిలక కనబడితే చివరికి కొలొనోస్కోపీకే వెళ్లాలి. మలంలో డీఎన్ఏ చూసే పరీక్ష క్యాన్సర్‌ను నూటికి 92 వరకు పట్టుకుంటుంది గానీ ఖరీదు ఎక్కువ, తప్పుడు పాజిటివ్‌లు ఫిట్ కన్నా ఎక్కువ. అమెరికాలో 2024లో అనుమతి పొందిన రక్తపరీక్ష ముదరబోయే పిలకల్లో ఎనిమిదింటికి ఒకటి మాత్రమే చూడగలుగుతోంది. రక్తం ఇచ్చి వచ్చేస్తే చాలన్న ఆశ ఇప్పటికి తొందరపాటే.

అమెరికా 2021లో ఆరంభ వయసును 50 నుంచి 45కు దించింది. ఇక్కడ ఆ వయసును అలాగే తెచ్చి పెట్టనక్కర్లేదు. ఏ లక్షణమూ, కుటుంబ చరిత్రా లేని యాభై ఏళ్ల మనిషికి అనకాపల్లిలో తగినది ఫిట్ అనిపిస్తుంది. బెల్లం మార్కెట్‌లో దిమ్మలు మోసే కూలీ కొలొనోస్కోపీ కోసం ముందురోజు సాయంత్రం నుంచి ఇంట్లోనే ఉండాలి, మర్నాడు తోడు మనిషితో విశాఖ వెళ్లాలి, మత్తు దిగేదాకా ఆగాలి. రెండు రోజుల కూలి తనది, ఒక రోజు కూలి తోడు వచ్చినవారిది. ఫిట్‌కు కూలి పోదు. పాజిటివ్ వచ్చిన కొద్దిమందికే ఆ రెండో మెట్టు. విశాఖ కేజీహెచ్, అనకాపల్లి దారిలో అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అందుబాటు దూరంలోనే ఉన్నాయి. రోగం తేలాక చికిత్సకు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం ఉంది. స్తోమత ఉండి, పదేళ్లకోసారి ఒక్కసారే తేల్చుకోవాలనుకునేవారు నేరుగా కొలొనోస్కోపీకి వెళ్లడంలో తప్పేమీ లేదు.

కుటుంబంలో తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చినవారి దారి వేరు. వారు నలభై ఏళ్లకు, లేదా ఆ బంధువుకు రోగం తేలిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలొనోస్కోపీయే చేయించుకోవాలి. లించ్ సిండ్రోమ్, పేగు నిండా వందల పిలకలు మొలిచే ఫ్యామిలియల్ పాలిపోసిస్ లాంటి జన్యుదోషాలైతే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. పాలిపోసిస్ ఉన్న ఇళ్లలో పదీపన్నెండేళ్ల పిల్లల నుంచే చూడటం మొదలుపెడతారు.

ధర్మసంకటం అసలు రూపం ఇక్కడే కనబడుతుంది. రోగం తన ఒంట్లో తేలింది గానీ ఆ సమాచారం తన ఒక్కడిది కాదు. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చెప్పాలి. చెబితే కూతురికి సంబంధాలు రావని, వియ్యాలవారు ఏమంటారోనని చాలా ఇళ్లలో పెద్దాయనకు పేగులో పుండు అనేసి ఊరుకుంటారు. ఆ భయం వెనక నిజమైన నష్టం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ రెండు నష్టాలూ ఒక తూకంలో నిలవవు. సంబంధం తప్పిపోతే మరొకటి వస్తుంది. నలభైలో ఉన్న తమ్ముడికి చెప్పకపోవడం వల్ల పోయిన పదేళ్లు తిరిగి రావు. రోగి రహస్యం కాపాడటం వైద్యుడి ధర్మం, రక్తసంబంధీకుల ప్రాణం కాపాడే మాట చెప్పడం రోగి ధర్మం. ఊరంతటికీ చెప్పనక్కర్లేదు, ఆ నలుగురికీ చెబితే చాలు. దాచిపెట్టినవారిలో చాలామంది పిల్లల మీది ప్రేమతోనే దాచిపెడతారు, ఆ ప్రేమే వారి చేత మాట్లాడించాలి.

దీనికి మరో కొస ఉంది. అమ్మకు చెప్పొద్దు డాక్టరుగారూ, తట్టుకోలేదు అని కొడుకులు అడ్డం పడటం అలవాటైన దృశ్యం. పరీక్ష ఎవరిదో నిర్ణయం వారిది. చదువు లేని తల్లికైనా ఏమి చూస్తారు, ఏమి తేలవచ్చు, వద్దంటే ఏమవుతుంది అన్న మూడు సంగతులు ఆమె మాటల్లోనే చెప్పవచ్చు. ఆడవాళ్లు తమ పేగుల గురించి ఇంట్లో నోరు విప్పడమే కష్టం. వాళ్ల పేరు మీద మగవాళ్లు నిర్ణయిస్తే ఆ కష్టం రెట్టింపవుతుంది.

వెతకడం ఎప్పుడు ఆపాలన్నదీ ఈ విచారంలో భాగమే. 75 వరకు క్రమంగా చేయించుకున్నవారికి ఆ తర్వాత సాధారణంగా అవసరం ఉండదు. 76 నుంచి 85 మధ్య మిగతా ఆరోగ్యం, గతంలో చేయించుకున్న పరీక్షలు, ఆ మనిషి ఇష్టం చూసి నిర్ణయిస్తారు. 85 తర్వాత మానేయమనే వైద్యుల సలహా. ఇవాళ మొలిచిన పిలక క్యాన్సర్ కావడానికి పదేళ్లు పడితే, తొంభైలో ఉన్నవారికి దాన్ని వెతికి కొలొనోస్కోపీ కష్టం పెట్టడంలో మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ వయసులో ఇక పరీక్షలు చాలన్న పెద్దవాళ్ల మాటను నిరాశగా చదవకుండా వినడం ఇంట్లోవారు చేయవలసిన పని. కొడుకులు తమ తృప్తి కోసం చేయించే పరీక్ష తండ్రికి సేవ కాదు.